మీ ప్రశ్నలు – మా జవాబులు: గిర్మిట్ కాగితం చదివిన పాదిరి

గత సంచికలో గాంధీ దక్షిణాఫ్రికా రోజుల గురించి రాస్తూ, డర్బన్ రేవులో ఆయన పాదాలు తాకిన ఆండ్రూస్ అనే ఒక ఇంగ్లీషు పాదిరిని ఒక్క వాక్యంలో ప్రస్తావించాం. ఆ వాక్యం చదివి నల్గొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నారాయణపేట జిల్లాల పాఠకులు వరుసగా ఉత్తరాలు రాశారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే కేటాయించాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ప్రశ్నలను కుదించాం.

ప్రశ్న: గాంధీ మీద వచ్చిన ఇంగ్లీషు సినిమాలో రైలుపెట్టె కప్పు మీదికెక్కి కూర్చునే తెల్ల పాదిరి ఒకరు కనిపిస్తారు. ఆయన నిజంగా ఉన్న మనిషా, సినిమా కోసం కల్పించారా అని మా తొమ్మిదో తరగతి పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను. ఆయన గురించి వివరంగా చెప్పగలరా?
– ఒక ఉపాధ్యాయిని, దేవరకొండ

జవాబు: ఆయన నిజంగా ఉన్న మనిషే. పేరు చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్. 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్ ఉత్తర భాగంలోని న్యూకాజిల్‌లో పుట్టి, బర్మింగ్‌హామ్‌లో పెరిగారు. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో బోధకుడు. నమ్మిన స్నేహితుడే డబ్బు పోగొట్టడంతో ఆ ఇల్లు చితికిపోయింది. స్కాలర్‌షిప్ దొరకబట్టే ఆండ్రూస్ కేంబ్రిడ్జ్‌లోని పెంబ్రోక్ కాలేజీలో చదవగలిగారు. అక్కడ ఉండగానే తండ్రి శాఖను విడిచి ఇంగ్లండ్ సంఘంలో, అంటే ఆంగ్లికన్ సంఘంలో చేరారు. పెట్టుబడికీ శ్రమకూ మధ్య జరిగే ఘర్షణలో క్రైస్తవం ఎక్కడ నిలబడాలన్న విషయం మీద ఆయన రాసిన వ్యాసానికి విశ్వవిద్యాలయ బహుమతి వచ్చింది. 1896లో అచ్చయిన ఆ వ్యాసమే ఆయన మొదటి పుస్తకం. తర్వాతి నలభై ఏళ్లలో ఆయన చేసిన పనులన్నీ చూస్తే, ఇరవై అయిదేళ్ల వయసులో వేసుకున్న ఆ ప్రశ్నను ఆయన ఎన్నడూ వదల్లేదని తెలుస్తుంది.

లండన్ దక్షిణ భాగంలోని కూలీల పేటల్లో కొంతకాలం సేవ చేసి, 1897లో గురువుగా, అంటే పాదిరిగా అభిషేకం పొంది, కేంబ్రిడ్జ్‌లో గురు విద్యార్థులకు పాఠాలు చెప్పి, 1904 మార్చిలో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీకి అధ్యాపకుడిగా వచ్చారు. రెండేళ్లకు ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. ఆ పదవి ఇంగ్లీషువాడికే దక్కాలని చాలామంది అనుకుంటున్న సమయంలో, తనకంటే అనుభవం గల సుశీల్ కుమార్ రుద్రను కాదని ఆ కుర్చీలో తాను కూర్చోనని ఆండ్రూస్ తేల్చి చెప్పారు. అలా 1906లో ఆ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపాల్ వచ్చారు. పిల్లలకు ఆండ్రూస్ గురించి ఒక్క సంగతే చెప్పే వీలుంటే నేను ఇదే చెబుతాను. పరాయి దేశానికి సేవ చేయడానికి వచ్చానని చెప్పుకునేవారు చాలామంది ఉంటారు గాని, ఆ దేశపు మనిషి కింద పనిచేయడానికి తనంతట తానుగా సిద్ధపడినవారు ఆ రోజుల్లో అరుదు.

1912లో లండన్‌లో ఒక చిత్రకారుడి ఇంట్లో ఐరిష్ కవి యేట్స్ చదువుతుండగా టాగూర్ గీతాలు విన్నారు. ఆ సాయంత్రం మొదలైన స్నేహం ఆయనను శాంతినికేతన్‌కు చేర్చింది. 1914 జనవరి మొదట్లో, గోఖలే కోరిక మీద, స్నేహితుడు పియర్సన్‌తో కలిసి డర్బన్‌లో ఓడ దిగారు. గాంధీ ఎక్కడని పక్కనున్న గాంధీ సహచరుడు పోలక్‌ను అడిగితే, ఆయన తెల్లటి నూలుబట్టల్లో ఉన్న ఒక బక్కపలచని మనిషిని చూపించారు. ఆండ్రూస్ వెంటనే వంగి ఆ మనిషి కాళ్లకు దండం పెట్టారు. అక్కడి తెల్లవాళ్లకు అది సహించరాని పని అయింది. గాంధీకీ దక్షిణాఫ్రికా మంత్రి జనరల్ స్మట్స్‌కూ మధ్య రాజీ కుదర్చడంలో ఆండ్రూస్ పాత్ర చిన్నది కాదు. తల్లి చనిపోయిన వార్త ఆయనకు అక్కడే అందింది. గాంధీని 'మోహన్' అని పేరు పెట్టి పిలిచే చనువు ఆ తర్వాత ఆయనకు మాత్రమే దక్కింది. గాంధీకి ఆయన 'చార్లీ'.

ప్రశ్న: మా నాన్న ఇరవై ఏళ్లు బొంబాయి, పుణె సైట్ల మీద మట్టిపని చేశాడు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఊరికి రానిచ్చేవాళ్లు కాదని మా అమ్మ చెబుతుంది. ఆండ్రూస్ రద్దు చేయించారంటున్న 'గిర్మిట్' ఇలాంటిదేనా? మన దిక్కు నుంచి ఎవరైనా ఫిజీకి వెళ్లారా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కోస్గి మండలం

జవాబు: మీ ఉత్తరం చదివాక ఈ జవాబును రెండుసార్లు తిరగరాశాను. నేను చదువుకునే రోజుల్లో జడ్చర్ల బస్టాండులో దీపావళి వెళ్లాక కనిపించే గుంపులు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. సత్తు గిన్నెలు, గడపారలు, చుట్టిన బొంతలు, చంకలో పసిబిడ్డలు, పక్కన పేర్లు రాసుకున్న నోటుబుక్కుతో మేస్త్రీ. ఆ నోటుబుక్కులో ఒక్కో పేరు పక్కన ఒక అంకె, దాని పక్కన నీలి సిరా వేలిముద్ర ఉండేవి. వేలిముద్ర వేసినవాళ్లలో ఆ అంకె చదవగలిగినవాళ్లు ఎందరుండేవారో నాకు అప్పుడు తట్టలేదు.

గిర్మిట్ కథ కూడా వేలిముద్రతోనే మొదలవుతుంది. 'అగ్రిమెంట్' అన్న ఇంగ్లీషు మాట కూలీల నోట 'గిర్మిట్' అయింది. ఆ కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లినవాళ్లు గిర్మిటియాలు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన పద్ధతి ఇది. మారిషస్, ట్రినిడాడ్, దక్షిణాఫ్రికాలోని నటాల్ తర్వాత 1879లో పసిఫిక్ సముద్రంలోని ఫిజీ వంతు వచ్చింది. 1916 దాకా అరవై వేలకు పైగా మనుషులను ఆ దీవులకు తరలించారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తమిళులూ తెలుగువాళ్లూ ఓడ ఎక్కారు. మన జిల్లాలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. మద్రాసులో ఓడెక్కిన తెలుగువాళ్లు ఎక్కువగా బ్రిటిష్ జిల్లాలవాళ్లే. మన దగ్గర అదే కాలంలో భగేలా ఉండేది. అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా ఆసామి దగ్గర జీతం ఉండాలి, తాను పోతే కొడుకు ఉండాలి. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలకు కొన్ని హద్దులు పెట్టినా ఊళ్లలో జీతగాళ్ల బతుకు అంత తొందరగా మారలేదు.

ఇప్పుడు ఆ కాగితం దగ్గరకు వద్దాం. ఆండ్రూస్ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది, 1915లో పియర్సన్‌తో కలిసి ఫిజీ వెళ్లినప్పుడు ఆయన ఆ ఒప్పంద పత్రాన్ని ఒక్కొక్క వాక్యం పట్టుకుని, తోటలో కళ్లారా చూసినదానితో పోల్చిన తీరు. పత్రంలో ఏముంది? గడువు అయిదేళ్లు. పని రోజుకు తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు. మగవాడికి రోజుకు తక్కువలో తక్కువ ఒక షిల్లింగు, అంటే పన్నెండు అణాలు. ఆడవాళ్లకు తొమ్మిది పెన్సులు, అంటే తొమ్మిది అణాలు. ఒక మామూలు మనిషి ఆరు గంటలు నిలకడగా చేస్తే పూర్తయ్యేంత పనిని ఒక రోజు పనిగా లెక్కగడతారు. అయిదేళ్లయ్యాక సొంత ఖర్చుతో తిరిగి రావచ్చు, పదేళ్లుంటే ఓడ ఖర్చు ప్రభుత్వానిది. ఊళ్లో రెండు మూడు అణాల కూలికి పోయేవాడికి పన్నెండు అణాలు అన్నమాట వింటే ఎంత ఆశ పుడుతుందో చెప్పనక్కర్లేదు.

ఆ కాగితంలో లేని విషయాలను ఆండ్రూస్, పియర్సన్ 1916 నాటి నివేదికలో ముందుకు తెచ్చారు. షిల్లింగుకు పన్నెండు అణాలన్నది మారకం లెక్క మాత్రమే, ఫిజీ అంగడిలో బియ్యం, పప్పు కొనబోతే ఆ డబ్బుకు అంత విలువ లేదు. పని గజాల్లో కొలిచి ఇచ్చేవాళ్లు. కొలిచేది ఓవర్సీరు, అతని కింద సర్దారు. చెప్పిన గజాలు పూర్తికాకపోతే ఆ రోజు కూలి దక్కదు. పనికి రాకపోయినా, తోట విడిచి వెళ్లినా క్రిమినల్ కోర్టుకు లాగి, జరిమానా వేసి, జైలుకు పంపే చట్టం ఉంది. ఆ చట్టం ఊసు వేలిముద్ర వేయించుకున్న కాగితంలో ఎక్కడా లేదు. ఒప్పుకున్న పని మానితే డబ్బు నష్టపోవడం వేరు, జైలుకు వెళ్లడం వేరు. ఇక నివాసం చూస్తే, 'కూలీ లైన్లు' అనే పొడవాటి కొట్టాల్లో పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్లు గాని, పిల్లలతో ఉన్న ఆలుమగలు గాని సర్దుకోవాలి. గదికీ గదికీ మధ్య అడ్డుగోడ పైకప్పు దాకా పోదు. వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లన్న లెక్కన ఓడ నింపేవాళ్లు. ఆ లైన్లలో ఆడవాళ్లు పడ్డ అవస్థలనూ, గిర్మిట్ కూలీల్లో ఆత్మహత్యలు ఇండియాతో పోలిస్తే అనేక రెట్లు ఎక్కువగా ఉండటాన్నీ నివేదిక దాచకుండా రాసింది.

1916 మార్చిలో గిర్మిట్ రద్దు కోరుతూ మదన మోహన మాలవ్య శాసనసభలో పెట్టిన తీర్మానానికి వైస్రాయ్ హార్డింజ్ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక కూడా మరికొన్నేళ్లు సాగదీసే ప్రయత్నం జరుగుతోందని తెలిసి ఆండ్రూస్ దేశమంతా తిరిగి మాట్లాడారు. 1917లో కూలీల సేకరణ ఆగిపోయింది. అదే ఏడాది ఆయన మళ్లీ ఫిజీ వెళ్లారు. ఆ తర్వాత ఆస్ట్రేలియా మహిళా సంఘాలు ఫ్లోరెన్స్ గార్నమ్ అనే ఆమెను సొంతంగా విచారణకు పంపితే, 1918లో ఆమె ఇచ్చిన నివేదిక ఆండ్రూస్ మాట నిజమని తేల్చింది. 1920 జనవరి 1 నాటికి మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. 'దీనబంధు' అన్న పేరు ఆయనకు ఫిజీలోని మనవాళ్లు పెట్టినదే. ఒక్క ఆండ్రూస్ వల్లనే ఇదంతా జరిగిందని మాత్రం అనలేం. గోఖలే, మాలవ్య, గాంధీ, సరోజినీ నాయుడు అందరూ గిర్మిట్ మీద గొంతెత్తినవాళ్లే. తోటలో తన మీద జరగబోయిన అత్యాచారాన్ని ఎదిరించి నదిలోకి దూకిన కుంతి అనే కూలీ స్త్రీ చెప్పిన మాట 1913లో హిందీ పత్రికలో రావడమే ఎందరినో కదిలించింది.

మీ నాన్నగారి అడ్వాన్సూ గిర్మిటూ ఒకటేనా అన్నారు. చట్టం దృష్టిలో ఒకటి కావు. గిర్మిట్ వెనుక ప్రభుత్వమే నిలబడింది, పారిపోయినవాణ్ని కోర్టే పట్టి ఇచ్చేది. మన దేశంలో అప్పు పేరుతో మనిషిని కట్టిపడేయడం 1976 చట్టం కింద నేరం. వేరే రాష్ట్రానికి తీసుకుపోయే ప్రతి కూలీకి ఫొటో ఉన్న పాస్‌బుక్కు ఇవ్వాలనీ, అందులోని వివరాలు ఆ కూలీ భాషలో కూడా ఉండాలనీ, ప్రయాణ భత్యం చెల్లించాలనీ 1979 వలస కార్మికుల చట్టం చెప్పింది. 'ఆ కూలీ భాషలో' అన్న మాట చట్టంలోకి రావడానికి వెనుక గిర్మిట్ కాగితాల చేదు అనుభవం కూడా ఉందని నేను నమ్ముతాను. అయితే మేస్త్రీ నోటుబుక్కుకు పాస్‌బుక్కుతో పని పడలేదని మీ అమ్మగారి మాటలే చెబుతున్నాయి. చదవలేని లెక్క కింద వేలిముద్ర వేయడం, ఎంత చేసినా అసలు తరగకపోవడం, కొలిచేవాడి చేతిలోనే కూలి ఉండటం – ఈ మూడూ రెండుచోట్లా కనిపిస్తాయి.

ఇంకో రెండు సంగతులు కూడా మన ప్రాంతంవాళ్లకు తెలియాలి. 1921లో సిమ్లా కొండల్లో, అధికారులు వస్తే రైతులు ఉచితంగా మూటలు మోయాల్సిన 'బేగార్' మీద, అక్కడ స్థిరపడిన అమెరికన్ శామ్యూల్ స్టోక్స్ పోరాటం నడిపినప్పుడు ఆండ్రూస్ ఆయన పక్షాన నిలిచారు. బేగార్ అంటే మన వెట్టి. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల నుంచి వేలమంది కూలీలు సొంత ఊళ్ల దారి పట్టి చాంద్‌పూర్ రైల్వేస్టేషన్ చేరితే, రాత్రిపూట గూర్ఖా సిపాయిలతో కొట్టించారు. ఆపైన కలరా వచ్చింది. ఆండ్రూస్ వాళ్ల మధ్యకు వెళ్లి సేవ చేశారు, జరిగినదంతా రాశారు. 2020 వేసవిలో మహారాష్ట్ర నుంచి నెత్తిన మూటలతో నడిచివచ్చిన మనవాళ్లను చూసినప్పుడు నాకు చాంద్‌పూర్ గుర్తొచ్చింది.

ప్రశ్న: మా నల్గొండ సంఘాలు ఎక్కువగా బాప్టిస్టువి. ఆంగ్లికన్ అంటే ఏమిటో మాలో చాలామందికి తెలియదు. ఆండ్రూస్ అయ్యగారు గురుత్వాన్ని వదులుకున్నారని విన్నాను. విశ్వాసం కూడా వదులుకున్నారా?
– ఒక సంఘ పెద్ద, నల్గొండ

జవాబు: పదహారో శతాబ్దంలో రోము పోపు అధికారం నుంచి విడిపోయిన ఇంగ్లండ్ సంఘమూ, దాని నుంచి లోకమంతా పాకిన సంఘాలూ ఆంగ్లికన్ సంఘాలు. బిషప్పులుంటారు, గురువులు పెళ్లి చేసుకోవచ్చు. ఆండ్రూస్ మాత్రం చేసుకోలేదు. నల్గొండలో అమెరికన్ బాప్టిస్టులు, మహబూబ్‌నగర్‌లో మెన్నొనైట్ బ్రెదరన్, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేయడం వల్ల ఈ మాట మన దగ్గర పెద్దగా వినిపించలేదు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణాది ఆంగ్లికన్లు ఇతర సంఘాలతో కలిసి సీఎస్ఐగా, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా ఏర్పడ్డాక ఆ పేరు ఇంకా వెనక్కి పోయింది.

విశ్వాసం వదల్లేదు. 1914 ప్రాంతంలో ఆయన గురుత్వ విధులు మానుకున్న మాట నిజం. తమ విశ్వాసంలో లేనివారికి నాశనం తప్పదని చెప్పే పాత ప్రమాణ వాక్యాలను, రుద్రతో, టాగూర్‌తో, గాంధీతో, ఢిల్లీ ముస్లిం పెద్దలతో కలిసి బతికిన మనిషి నోటితో పలకలేకపోయారు. నమ్మని మాటను ఆరాధనలో చదవడం అబద్ధమాడటమే అనుకున్నారు. మరుసటి ఏడాది కలరాతో చావు అంచుదాకా వెళ్లి సిమ్లాలో కోలుకుంటుండగా ఆయనకు ఒక దర్శనం కలిగింది. నటాల్‌లో తాను చూసిన, వీపు మీద కొరడా వాతలు తేలిన కూలీ కళ్లముందు నిలిచాడు. చూస్తుండగానే ఆ ముఖం క్రీస్తు ముఖంగా మారింది. ఆ తర్వాతే ఆయన ఫిజీ ఓడ ఎక్కారు. గురువు చేయవలసిన పని ఆయన బలిపీఠం ముందు కాకుండా కూలీ లైన్లలో చేశారని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. జీవితం చివరి ఏళ్లలో ఆయన మళ్లీ గురుత్వ విధులు చేపట్టారు. 1924లో ఢిల్లీలో గాంధీ ఇరవై ఒక్క రోజుల ఉపవాసం విరమించినప్పుడు పక్కన కూర్చుని సిలువ కీర్తన పాడింది కూడా ఆయనే.

ప్రశ్న: మన తెలుగు నేల మీద ఆంగ్లికన్ గురువులు ఎవరైనా ఇలా పేరు పొందారా?
– కల్వకుర్తి పాఠకుడు

జవాబు: డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య పేరు చెప్పుకోవాలి. తిరునెల్వేలి వైపు తమిళుడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తెలుగు నేర్చుకుని, పల్లెల్లో దళితుల మధ్య పనిచేసి, 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన కట్టించిన దేవాలయానికి ఉన్న గుమ్మటాలు, స్తంభాలు చూస్తే మన గుడులూ మసీదులూ రెండూ గుర్తొస్తాయి. డోర్నకల్ ఉన్నది మహబూబాబాద్ జిల్లాలో, మన మహబూబ్‌నగర్‌లో కాదు. ఉత్తరాల్లో ముగ్గురు పొరబడ్డారు కనుక చెబుతున్నాను.

ప్రశ్న: ఆండ్రూస్ రచనల్లో ముందు ఏది చదవాలి?
– గ్రంథాలయ పాఠకులు, వనపర్తి

జవాబు: ఆయన చాలా రాశారు. చాలావరకు రైళ్లలో, ఓడల మీద, ఇతరుల ఇళ్లలో రాశారు. అందువల్ల చెప్పిందే మళ్లీ చెప్పడం, ఆవేశం పొంగడం కొన్నిచోట్ల కనిపిస్తాయి. గాంధీని పాశ్చాత్యులకు పరిచయం చేస్తూ 1929 నుంచి 1931 దాకా తెచ్చిన మూడు సంపుటాలకు అప్పట్లో ఎంతో అవసరం ఉండేది. గాంధీ రచనలు సులువుగా దొరికే మనకు అవి అంత అవసరం కాదు. 1932లో వచ్చిన 'వాట్ ఐ ఓ టు క్రైస్ట్' ఆయన ఆత్మకథ లాంటిది, పైన చెప్పిన దర్శనం అందులో ఉంది. నాకు బాగా ఇష్టమైనది 1929 నాటి 'జకావుల్లా ఆఫ్ ఢిల్లీ'. గణితాన్ని ఉర్దూలో బోధించడానికి జీవితమంతా పాటుపడిన ఒక ముసలి మౌల్వీ గురించి, ఆయన గల్లీలో కూర్చుని విన్న మాటలతో రాసిన చిన్న పుస్తకం. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో చదివిన పెద్దలు ఇంట్లో ఉన్నవారికి అది మరీ దగ్గరగా అనిపిస్తుంది. టాగూర్ తనకు రాసిన ఉత్తరాలను కూర్చి 1928లో తెచ్చిన సంపుటం తీరిక ఉంటే చదవండి.

1940 ఏప్రిల్ 5న ఆండ్రూస్ కలకత్తాలో చనిపోయారు. అంతకుముందు ఆసుపత్రిలో చూడటానికి వెళ్లిన గాంధీతో స్వరాజ్యం వస్తోందని చెప్పారు. ఆయన జీవితచరిత్రను బనారసీదాస్ చతుర్వేది, మార్జొరీ సైక్స్ కలిసి 1949లో వెలువరించారు. అయితే ఆండ్రూస్ ఓడ ఎక్కకముందే, ఫిజీలో ఇరవై ఒక్కేళ్లు గడిపి వచ్చిన తోతారామ్ సనాఢ్య చెబుతుంటే విని, 1914లో హిందీ పుస్తకంగా మలిచింది కూడా ఈ చతుర్వేదే. హిందీ వచ్చినవారు ముందు గిర్మిట్ మీద వెళ్లిన ఆ తోతారామ్ మాటలు చదివి, ఆ తర్వాత ఆండ్రూస్, పియర్సన్ నివేదిక పట్టుకోండి. కోస్గి విద్యార్థి ఆ రెండూ చదివాక తన తండ్రి లెక్కల నోటుబుక్కు ఇంట్లో ఉంటే దాన్ని కూడా ఒకసారి తీసి చూడాలని నా కోరిక. అందులో ఏముందో మాకు రాస్తే వచ్చే సంచికలో ప్రచురిస్తాం.